గోడ మీద చేను

"ఆ చీటీ పీకెయ్యప్పా."

సుబ్బన్న గట్టిగా అనేసరికి హాల్లో జనమంతా ఇటు తిరిగినారు. అనంతపురంలో ఫోటోల ప్రదర్శన అది. గోడకు అన్నిటికన్నా పెద్ద ఫోటో. ఎర్రనేల, వెనక గుత్తి కొండ, పైన మబ్బు లేని ఆకాశం. కింద చీటీ మీద 'బీడు' అని రాసి ఉంది.

ఫోటో తీసిన శశికుమార్ పరుగున వచ్చినాడు. "ఏమైంది పెద్దాయనా?"

"అది బీడు కాదు, దుక్కి."

"పచ్చగా ఒక్క పోచ కూడా లేదు కదా?"

"అదే నేనూ చెప్తాండా. బీడైతే గరిక ఉంటాది, జిల్లేడు ఉంటాది, కంపచెట్లు ఉంటాయి. ఈడ ఒక్క పోచ చూపించు. వాన పడితే శెనక్కాయ విత్తేకి పెట్టుకున్న నేల అది. ఆ మూల రాళ్ళకుప్ప చూసినావా? ఒక్కోటీ చేత్తో ఏరినవే."

"కరువును చూపించే ఫోటో ఇది."

"కరువు వాన చేసేది. బీడు మనిషి చేసేది. దీన్ని బీడంటే, దున్నినోన్ని సోంబేరి అన్నట్టే."

శశికుమార్ వాచీ చూసుకున్నాడు. "బండి మీద పోతూ ఆగి తీశాను. ఈ పేరుతోనే మొదటి బహుమతి వచ్చింది. ఇంకాసేపట్లో పెద్దలొస్తారు. ఇప్పుడెట్లా మార్చేది?"

"బహుమతి పేరుకిచ్చినారా, ఫోటోకిచ్చినారా?"

ఎవరో కిసుక్కున నవ్వినారు. కూతురు త్రివేణి చెయ్యి పట్టి లాగింది. "రా నాయనా, పోదాం. మనకెందుకు?"

"మార్చేదాకా కదల్ను." సుబ్బన్న ఫోటోకు అడ్డంగా నిలబడినాడు.

శశికుమార్ ఆయన భుజం పక్కనుంచి వంగి చూసినాడు. ఈ అంచు నుంచి కొండ దాకా సాళ్ళు. తాడు కట్టి గీసినట్టు ఉండాయి. ఒక్కటీ వంకర పోలేదు.

"నాలుగు నెలలుగా చూస్తున్నా. ఇన్ని సాళ్ళున్నాయా ఇందులో!"

చీటీ పీకి, కొత్తది తీసి 'దుక్కి' అని రాసి అంటించినాడు. సుబ్బన్న రెండడుగులు వెనక్కి జరిగి, తలెత్తి చూసుకున్నాడు.

"ఇప్పుడు చూడు, ఎట్లుండాదో!"

వెనక ఎవరో చప్పట్లు కొట్టినారు. శశికుమార్ పెన్ను మూయలేదు. "మీ పేరు కూడా రాస్తాను, చెప్పండి."

"నా పేరెందుకు? వెంకటేశులు అని రాయి."

"ఆయనెవరు?"

"ఆ చేను వానిది. పన్నెండేండ్లుగా నా మీద కోర్టులో కేసు నడుపుతాండేదీ వాడే."