వేన్‌కి నచ్చని తుపాకులు

ఆ వీధిలో పదకొండు ఇళ్ళలో దొంగ పడ్డాడు. పన్నెండో ఇల్లు డార్లీన్ లాహ్టీది. కాబట్టి ఈసారి వంతు తనదేనని ఆవిడ తేల్చేసింది. 

ఆ దొంగ నగలు ముట్టుకోడు, టీవీల జోలికి పోడు. గరాజ్‌లో దూరి, డీప్ ఫ్రీజర్ మూత ఎత్తి, మాంసం మాత్రం పట్టుకుపోతాడు. జింక మాంసం, పొగబెట్టిన చేపలు, ఈస్టర్‌కని దాచుకున్న పంది తొడ. ఊళ్ళో సగం మంది నవ్వుకున్నారు. డార్లీన్ నవ్వలేదు. ఇవాళ పంది తొడ పోయింది, రేపు నా పీక పోదని ఏమిటి నమ్మకం అంది.

మొగుడికి గడువు పెట్టింది. శుక్రవారంలోగా వేన్ నడుముకి తుపాకీ ఉండాలి, దాన్ని చొక్కా కింద దాచుకు తిరగడానికి లైసెన్సుకి దరఖాస్తు పడాలి. లేదంటే పెట్టె సర్దుకుని గ్రీన్ బేలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో డార్లీన్ అన్నమాట తప్పింది లేదు. ఆవిడ లేకపోతే వేన్‌కి ఒక్క పూట గడవదు. పాపం, పెళ్ళాం మీద అంత ప్రేమ.

పోయిన శనివారం ఎనిమిది గంటలు తుపాకీ తరగతిలో కూర్చోబెట్టింది. గురువారం పొద్దున్నే రూడీ బెర్టూచీ తుపాకుల కొట్టుకి లాక్కొచ్చింది. రూడీ, వేన్ ఒకే వీధివాళ్ళు, ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు.

ఇక పెళ్ళిచూపులు మొదలయ్యాయి. రూడీ ముందుగా అరచేతిలో ఇమిడే పిస్టల్ పెట్టి, జేబులో వేసుకుంటే కన్నతల్లి కూడా కనిపెట్టలేదన్నాడు. మరీ చిన్నది, పేలిస్తే చెయ్యి అదిరిపోతుందన్నాడు వేన్. రూడీ పెద్దది తీశాడు. చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడితే ఇక దాచుకోవడం ఎందుకన్నాడు వేన్. ఇంకొకదాని పైభాగం వెనక్కి లాగడం కష్టం, అవసరానికి డార్లీన్ పట్టుకోవాల్సొస్తే కీళ్ళవాతపు వేళ్ళు ఏమైపోవాలి? రివాల్వర్‌లో ఐదే గుళ్ళు. పన్నెండు గుళ్ళది బరువు. నల్లది చూస్తే దడ, వెండిరంగుది మరీ షోకుగా ఉంది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే," అన్నాడు రూడీ. "భయమైతే భయమని చెప్పరా, తప్పులేదు."

"భయం కాదురా. పాపం, ఎవడో ఆకలేసి పట్టుకెళ్ళుంటాడు. దానికి తుపాకీ దేనికి?"

రూడీ మొహం ఎర్రబడింది. వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మసాలా పాళ్ళతో స్వయంగా కలిపి చేసుకున్న కుడిగీ అనే పందిమాంసం సాసేజీలు, పద్నాలుగు పౌన్లు, పోయిన నెల అతని ఫ్రీజర్‌లోంచే పోయాయి. ఆకలేసినవాడు ఒకటి తింటాడు, రెండు తింటాడు, పద్నాలుగు పౌన్లు తింటాడా అని నిలదీశాడు. వేన్ నేలచూపులు చూశాడు. మా ఆయనది జాలిగుండె అని డార్లీన్ వెనకేసుకొచ్చింది.

నడుం పట్టీ లోపల పెట్టుకునే ఒర దగ్గర వేన్‌కి కాస్త ఆశ పుట్టింది. అతని ప్యాంటులో వేలు దూరే సందు కూడా లేదు. పట్టడం లేదు, ఏం చేస్తాం, వెళ్దామా అన్నాడు. తుపాకీ దోపుకునేవాళ్ళంతా ఒక సైజు పెద్ద ప్యాంటే కొంటారని రూడీ అరలోంచి ఒకటి తీశాడు. డార్లీన్ నిట్టూర్చింది. డాక్టరు చెప్పినప్పటినుంచి, అంటే మార్చి నుంచి, ఆకులూ ఉడికించిన బీన్సూ తప్ప ఏమీ పెట్టడం లేదట. అయినా ప్యాంట్లు బిగుతైపోతున్నాయట, ఇది మూడోదట. గాలి పీల్చినా ఒళ్ళొచ్చే తత్వమని చెప్పింది.

చివరికి ఒక మధ్యరకం పిస్టల్ వచ్చింది. వేన్ చేతికి కొలత తీసి చేయించినట్టు సరిపోయింది. బరువు లేదు, ఉబ్బెత్తు లేదు, డార్లీన్ వేళ్ళకి కూడా లొంగింది. వేన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు గాని వంక దొరకలేదు. పాత కేసులేమైనా ఉన్నాయేమోనని రూడీ ఫోను చేసి కనుక్కుంటే, అతని మీద పార్కింగ్ జరిమానా కూడా లేదు.

కొట్టు బయటికి రాగానే వేన్‌కి కడుపునొప్పి వచ్చింది. ఇంటిదగ్గర పొయ్యి ఆపలేదేమోనని అనుమానం కూడా వచ్చింది. డార్లీన్ వినలేదు. కారు తిన్నగా షెరీఫ్ ఆఫీసు ముందు ఆపింది. లైసెన్సు కావాలంటే పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి.

లోపల పోలీసు డిప్యూటీ షెరిల్ కంగాస్ వేన్ బొటనవేలు పట్టుకుని గాజుపలక మీద అదిమింది. కట్టెలు కొట్టీ కొట్టీ చర్మం ఎండిపోయి, తెరమీద మసక తప్ప ఏమీ పడలేదు. మళ్ళీ అదిమింది. మళ్ళీ మసకే.

వేన్ మొహం వెలిగిపోయింది. "పడటం లేదుగా. మన చేతుల్లో ఏముంది డార్లీన్, పద పోదాం."

"ఉండవయ్యా, కంగారెందుకు?"

డార్లీన్ హ్యాండ్‌బ్యాగు తెరిచి చేతి క్రీము తీసింది. మొగుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలికీ ముద్దుగా, మెత్తగా పట్టించింది. అతనికి చెమటలు పడుతుంటే అవి కూడా తుడిచింది. ఈసారి బొటనవేలు అడ్డంగా ఉన్న కత్తిగాటుతో సహా గీతగీతా తెరమీద పడింది.

షెరిల్ తెర చూసింది. గోడకి అంటించి ఉన్న కాగితం చూసింది. మళ్ళీ తెర చూసింది. తర్వాత లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"రూడీ ఫ్రీజర్ మూత మీద దొరికిన ముద్ర ఈ వేలిదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని డార్లీన్ గారూ, మీరు క్రీము రాసి మరీ పట్టిచ్చారు."