రెండు పాయల మధ్య

"కాలు పెట్టకు, కొట్టుకుపోతావ్!"

ఉబాల్దీనా వెనకనుంచి నొరాయిదా జడ పట్టుకుని బండ మీదికి లాగింది. నొరాయిదా వెల్లకిలా పడింది. ఇందాక చీలమండ లోతున నవ్వుకుంటూ దాటిన వాగు, ఇప్పుడు ఎర్రమట్టి రంగుకు తిరిగి నడుమెత్తున పరుగెడుతోంది. పైన కొండల్లో వాన దంచినట్టుంది. ఇక్కడ మాత్రం చుక్క పడలేదు. బండకి అటొక పాయ, ఇటొక పాయ. చెట్ల మీద కోతులు గొంతులు చించుకుని బొబ్బరిస్తున్నాయి. ఆకుల సందులోంచి కింద తమ ఊరు పుంతసోర్దా రేవు, దాని అవతల సముద్రం కనిపిస్తున్నాయి. కేకేస్తే వినపడే దూరం కాదు.

"ఇప్పుడెలా అత్తయ్యా?"

"పెళ్ళే కాలేదు, అప్పుడే అత్తయ్యేమిటి?"

వీల్మర్‌ని పెళ్ళాడి ఈ ఊళ్ళోనే ఉండిపోదామని దూరాన మానిసాలెస్ పట్నం నుంచి వచ్చింది నొరాయిదా. ఆ పిల్ల గడపలో కాలు పెట్టిన దగ్గర్నుంచి వీల్మర్ తల్లి ఉబాల్దీనా ముడుచుకున్న ముఖం విప్పలేదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి "జలపాతం చూపిస్తా, పద" అనేసరికి నొరాయిదా మారుమాట్లాడకుండా బయల్దేరింది.

"ఇందుకేనా నన్ను తీసుకొచ్చారు?"

"జలపాతానికే తీసుకొచ్చాను. వాగు నేను పిలిస్తే వచ్చిందా?" ఉబాల్దీనా తడిసిన పావడా పిండుకుంది. "రావడమూ మంచిదే. కళ్ళారా చూసుకో. ఈ ఊరంటే ఇదే. ముందు సముద్రం, వెనక అడవి. రోడ్డు లేదు. సముద్రానికి కోపమొస్తే లాంచీ ఉండదు. పన్ను నొప్పొస్తే దవడ పట్టుకుని కూచోవాలి."

"కూచుంటాను."

"వానాకాలం బట్టలకి బూజు పడుతుంది. తర్వాత మనుషులకి కూడా."

"ఎండ రాగానే ఆరేసుకుంటాను."

"నోటికేం తక్కువ లేదు."

పెద్ద దుంగ ఒకటి కొట్టుకొచ్చి బండని ఢీకొంది. నొరాయిదా కెవ్వుమంది. నీళ్ళు పాదాలని అందుకున్నాయి. ఇద్దరూ బండ కొన మీదికి పాకారు. అక్కడ ఇద్దరు నిలబడాలంటే ఒకరినొకరు కావలించుకోక తప్పదు. కావలించుకున్నారు. పెద్దావిడ గుండె తనకంటే గట్టిగా కొట్టుకోవడం నొరాయిదాకి తెలుస్తూనే ఉంది.

"భయమా మీకు?"

"నా గురించి కాదు. ఇంట్లో ఆయన ఒక్కడూ ఉన్నాడు. పక్షవాతం మనిషి, దాహమేసినా లేవలేడు. నా చేత్తో పెడితే తప్ప ముద్ద దిగదు. వీల్మర్ పెడితే ఉమ్మేస్తాడు."

"నిన్న నేను చేపల పులుసు పట్టిస్తే తాగారుగా?"

ఉబాల్దీనా ముఖం పక్కకి తిప్పుకుంది.

"చూశాను," అంది.

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. నొరాయిదా ఏడుస్తోంది. ఉబాల్దీనా ఆమె చెవి దగ్గర, వాగు హోరుకి మించి అరిచినట్టుగా చెప్పింది.

"ఇలా విను పిల్లా. మనం బతికి బయటపడితే పొద్దున లాంచీ ఎక్కి మీ ఊరు పో. వాడు కొన్నాళ్ళు ఏడుస్తాడు, ఊరుకుంటాడు. నిన్నొక్క మాట అనను, ఎవర్నీ అననివ్వను. ఇవాళైతే నీ కాళ్ళు నీవి. ఒకసారి వంటింట్లోకి దిగావంటే పోవాలనిపించినా పోలేవు. నీమీద ఒట్టు, నీ మంచికే చెప్తున్నా."

"నన్ను వదిలించుకోవాలని మీకెందుకంత ఆత్రం?"

"అబ్బా! చెప్తే వినవేం?" ఆవిడ నొరాయిదాని ఇంకా గట్టిగా పట్టుకుంది. "పో తల్లీ. దండం పెడతాను, పో."

ఆ బతిమాలడంతో నొరాయిదా ఏడుపు ఆగిపోయింది. పంతం పట్టుకుంది.

"పోను. మీరెన్ని చెప్పినా పోను."

పొద్దువాలేసరికి వాగు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ దిగింది. వీల్మర్ తాడు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ముందు నొరాయిదాని, తర్వాత తల్లిని ఒడ్డుకి చేర్చాడు. ఉబాల్దీనా ఒడ్డున నిలబడి, కొడుకు ఎదుటే మళ్ళీ అడిగింది.

"ఇప్పుడైనా చెప్పు. పోతావా, ఉంటావా?"

"ఉంటాను."

"ఆయన్ని చూసుకుంటావా?"

"ఎందుకు చూసుకోను? మా నాన్నలాంటివారు."

"బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

"అమ్మా, ఇక వదిలెయ్యవే," అన్నాడు వీల్మర్. ఉబాల్దీనా వదిలేసింది. ఇంట్లో మొగుడికి బట్టలు మార్చి, అన్నం కలిపి, ఆ గిన్నె నొరాయిదా చేతిలో పెట్టి గుమ్మంలో నిలబడింది. పెద్దాయన ఒక్కొక్క ముద్దే మొత్తం తిన్నాడు. అత్తగారు మెత్తబడిందని నొరాయిదా కడుపు నిండిపోయింది.

తెల్లారి లాంచీ కూతకి మెలకువ వచ్చింది. వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద కాఫీ పొగలు కక్కుతోంది. పెద్దాయనకి గడ్డం గీసి, తల దువ్వి ఉంది. రేవు వైపు నుంచి "అమ్మా! అమ్మా!" అని వీల్మర్ కేకలు వినిపించాయి.

నొరాయిదా వట్టికాళ్ళతో పరుగెత్తింది. సరంగు అప్పటికే తాడు విప్పేశాడు. లాంచీ ముందు వరసలో ఉబాల్దీనా కూచుని ఉంది. ఇస్త్రీ గౌను, కాళ్ళకి బూట్లు, ఒళ్ళో సంచీ.

"ఎక్కడికే అమ్మా?" వీల్మర్ నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. "ఎప్పుడొస్తావ్? నాన్న సంగతేమిటి?"

ఉబాల్దీనా కొడుకు వైపు చూడలేదు. నొరాయిదానే చూస్తోంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఇంజను అందుకుంది.

"పొమ్మని అంత మొత్తుకున్నాను కదే తల్లీ!" అంది ఉబాల్దీనా. "నువ్వు పోయుంటే నేను ఉండిపోయేదాన్ని."