ఎవరి దగ్గరుంది?

“నా పేరు తీసెయ్యండి మేడమ్, మీకు దండం పెడతాను! మా ఆయన ఫోన్లో చూసేశారు, వెనకే వస్తున్నారు.”

విడాకుల చట్టం పుస్తకాన్ని బల్లమీద పడేసి, పాఠకురాలు బీరువాల వెనక్కి పరుగెత్తింది.

లైబ్రేరియన్ గబగబా కంప్యూటర్ ముందుకు జరిగింది. పుస్తకం వెనక చీటీ మీద, తీసుకున్నవాళ్ల పేరు రాయడం ఆవిడకు ముప్పై ఏళ్ల అలవాటు. నిన్న తయారుచేసిన లైబ్రరీ వెబ్‌సైట్లోనూ ‘ఎవరి దగ్గరుంది’ అని ఒక గడి పెట్టి, మురిసిపోతూ పేర్లన్నీ ఎక్కించింది.

ఆ పేరు చెరిపి, అక్కడ తన పేరు కొట్టింది.

అంతలో పాఠకురాలి భర్త ఫోన్ పట్టుకుని తలుపు తోసుకొచ్చాడు. “మా ఆవిడేదీ? ఈ పుస్తకం తనే తీసుకుందట!”

“పుస్తకం నా దగ్గరే ఉందండీ, ఇదిగో. కొత్త సైటు కదా, అన్నీ తప్పులే. మళ్లీ తెరిచి చూడండి.”

అతను ఫోన్ చూశాడు. ఆవిడను ఎగాదిగా చూసి నవ్వాడు.

“మీరా తీసుకుంది! మీ ఇంట్లో తెలుసా ఈ సంగతి?”

అతను వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగింది. విడాకుల ఊసే లేని సంసారం తనది. అయినా, తన పేరు తీసెయ్యడానికి చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది.