మళ్ళీ చూడండి

ట్రింగ్ ట్రింగ్!

పిట్ట ఎగిరిపోయింది.

డ్రాయింగ్ మాస్టారి కెమెరాలో ఉత్త ఇసుక మిగిలింది.

వెనక్కి తిరిగి చూస్తే, తుప్పు పట్టిన సైకిలు మీద ఒక ముసలాయన. బొటనవేలు ఇంకా బెల్లు మీదే ఉంది.

"ఏమయ్యా, బుద్ధుందా? ఈ ఎడారిలో ఎవడు అడ్డొచ్చాడని కొడుతున్నావు?"

"ఇటు వద్దు బాబూ. ఆ పక్కగా వెళ్ళండి," అన్నాడు ముసలాయన.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి! ఆ ఇసుక పిట్టని ఆయన పోయినేడాదే ఈ దారిలో చూశారు. బొమ్మ గీసి, వివరాలన్నీ నింపి, పిట్ట ఇక్కడుందని నమోదు చేసుకోమని పక్షుల సంఘానికి ఫారం పంపారు. అది తిరుగుటపాలో వెనక్కొచ్చింది. అడుగున ఆకుపచ్చ సిరాతో రెండే రెండు మాటలు: "మళ్ళీ చూడండి." సంతకం కూడా లేదు.

ఆ కాగితం స్టాఫ్ రూములో ఎవరి కంట పడిందో గానీ, ఆ రోజు నుంచి ఆయన పేరు "మళ్ళీ చూడండి మాస్టారు". ఆఖరికి అటెండరు కూడా ఆయన్ని చూస్తే నవ్వు బిగబట్టుకునేవాడు.

అందుకే సెలవులు రాగానే కారు మీద సైకిలు కట్టి, భార్యని ఎక్కించుకుని బయల్దేరారు. కారు ఆగిన ప్రతిచోటా సైకిలు దింపడం, ఇసుకలో పడి వెతకడం. ఫారం చొక్కా జేబులోనే ఉంది. పిట్టని ఫోటో తీయాలి, ఆ రెండు మాటలు రాసినవాడి మొహాన కొట్టాలి. ఏడాదిగా ఆయనకి ఇదే ధ్యాస.

మరో రెండుసార్లు పిట్ట దగ్గరికి వెళ్ళారు. రెండుసార్లూ ట్రింగ్ ట్రింగ్.

పళ్ళు నూరుకుంటూ కారు దగ్గరికొచ్చారు.

"పనీపాటా లేక కొడతాడా అండీ? ఎందుకని ఒక్క మాట అడగలేకపోయారా?" అంది భార్య.

"అడగడం కూడానా! వాడి పని పడతాను చూడు."

దారి పక్క టీ దుకాణం గోడకి ముసలాయన సైకిలు ఆనించి ఉంది. ఆయన లోపల సీసాలో నీళ్ళు పట్టుకుంటున్నాడు. మాస్టారు అటూ ఇటూ చూసి, బెల్లు మూత తిప్పి ఊడదీసి ప్యాంటు జేబులో వేసుకున్నారు. రోజూ పిల్లలకి నీతులు చెప్పే మనిషి!

ఆయన కడుపు చల్లబడింది.

ఈసారి పిట్ట ఎగరలేదు. నాలుగడుగులు పరుగెత్తి ఆగింది. మళ్ళీ నాలుగడుగులు వేసి ఆగింది. మాస్టారు ఒక చేత్తో సైకిలు నెట్టుకుంటూ, రెండో చేత్తో కెమెరా పట్టుకుని వెంటపడ్డారు. చక్రం కింద ఏదో చిట్లింది. ఎండుపుల్ల కాబోలు అనుకున్నారు.

పన్నెండు ఫోటోలు! ఈకలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఆగండి! ఆగండి బాబూ!"

ముసలాయన సైకిలు పడేసి, రొప్పుతూ పరిగెత్తుకొస్తున్నాడు.

"ఏం, బెల్లు మోగలేదా?" మాస్టారు పగలబడి నవ్వారు. జేబులోంచి ఫారం తీసి గాలిలో ఆడించారు. "ఇది రాసిన మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ, ఈ ఫోటో తీసుకెళ్ళి వాడి మొహాన కొడతా!"

ముసలాయన ఫారం చూశాడు. ఫోటో చూడలేదు. చక్రం జాడ దగ్గర చతికిలబడ్డాడు.

"అక్కడేముంది? ఇసుకేగా!"

"మళ్ళీ చూడండి."

మాస్టారు వంగి చూశారు. గూడూ లేదు, గడ్డీ లేదు. ఉత్త ఇసుక మీద, అచ్చం ఇసుక రంగులో రెండు గుడ్లు. నలిగిన పెంకుల్లోంచి సొన చక్రం జాడలోకి ఇంకిపోతోంది.

"గుడ్లున్నాయని... ముందే చెప్పొచ్చుగా?" అన్నారు మాస్టారు.

"చెబితే ఫోటోలంటూ ఇంకా దగ్గరికొస్తారు. బెల్లు కొడితే పిట్ట దూరంగా ఎగురుతుంది, మీరూ దాని వెంట పోతారు. ఈ దారి మొత్తానికి మిగిలింది ఈ రెండే బాబూ."

పిట్ట అక్కడే తిరుగుతూ అరుస్తోంది.

మాస్టారు జేబులోంచి బెల్లు మూత తీసి చెయ్యి చాచారు.

ముసలాయన అందుకోలేదు. "ఇంకెందుకది? ఆ కాగితం ఇటివ్వండి. జనానికి తెలియకుండా ఇక దాచాల్సిందేమీ లేదు."

ఫారం మోకాలి మీద పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఆ పాత రెండు మాటలూ కొట్టేసి, వాటి పక్కనే అదే ఆకుపచ్చ సిరాతో, అదే చేతిరాతతో "చూశారు" అని రాసిచ్చాడు.