డొక్కలు కనపడని వీడియో

"బేగి పంపు తమ్ముడూ, పాప డొక్కలెగరేత్తంది!" పాపను ఒళ్లో పెట్టుకుని నీలవేణి తొందరపెట్టింది.

కొండ మీది పెళ్లికి వీడియో తీయడానికి వచ్చిన రవిబాబు ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంటి ముందే గెడ్డ పొంగి పారుతోంది. పసిబిడ్డతో దాన్ని దాటి ఆసుపత్రికి రావాలో, రేపటిదాకా ఆగాలో పాప ఛాతీ వీడియో చూసి చెబుతానంది డుంబ్రిగుడ డాక్టరమ్మ.

"ఈ సిగ్నల్‌కి వీడియో సైజు బాగా కుదించాలక్కా. గ్రాఫిక్స్ కార్డుతో సేత్తే సిటికిలో అయిపోద్ది గానీ బొమ్మ మసకబారతాది. సాఫ్ట్‌వేర్‌తో సేత్తే అదే సైజులో బాగొత్తాది. కానీ ఆలీసం."

"అందమేటికి? ఇదేమైనా పెళ్లి వీడియోనేటి? బేగి అయ్యేదే సెయ్యి!"

వీడియో వెళ్లింది. కాసేపటికే డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"డొక్కలు లోపలికి పోవడం లేదమ్మా. భయం లేదు, తెల్లారాక దాటండి."

రవిబాబు హమ్మయ్య అనుకున్నాడు. నీలవేణి తెర మీదికి వంగింది. వీడియోలో పాప ఛాతీ పిండిముద్దలా నున్నగా ఉంది. ఒళ్లో పాపకేమో ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది.

ఆమె ల్యాప్‌టాప్‌ను రవిబాబు వైపు తిప్పింది.

"ఆవిడ సూసింది నా పిల్లని కాదు. ఆ రెండోది సెయ్యి తమ్ముడూ."

"ఆలీసమవుద్దక్కా."

"అవనీ. ఈలోగా మా ఆయన గెడ్డకి తాడు కడతాడు."

"ఆవిడ ఏటంటాదో ఇనకుండానే?"

నీలవేణి పాపను చీరతో గుండెకు కట్టుకుంది.

రవిబాబు ఒడ్డుకు పరిగెత్తుకొచ్చి "అక్కా, డాక్టరమ్మ ఎంటనే దాటమంతందీ!" అని అరిచేసరికి, ఆమె నడుములోతు నీళ్లలో తాడు పట్టుకుని ఉంది.