ఆ పేరు గలవారు ఇక్కడ లేరు

నల్లజాతి వంటమనిషి ఒడెస్సా పచ్చి అలసంద కాయలు ఒలుస్తోంది.

"టపా వచ్చిందా, చిన్నమ్మగారూ?" అంది, తలెత్తకుండానే.

కోరా నవ్వింది. "నీకు ఉత్తరాలు రాసేదెవరే, ఒడెస్సా?"

కోరా తండ్రి పోయి ఆరు వారాలైంది. అప్పటినుంచీ రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

ఒడెస్సా కొడుకు లూషియస్ యుద్ధానికి ఓడెక్కి వెళ్లాడు. ఎనిమిది నెలలుగా జాడ లేదు. పోయేముందు దొరగారు ఆమెను మంచం దగ్గరికి పిలిచి, "అధ్యక్షుడికి రాశాను, జవాబు వస్తుంది" అన్నారట. జ్వరంలో అన్న మాటలే అని కోరా కొట్టిపారేసింది.

నూలు మిల్లు యజమాని అయిన కోరా తండ్రికీ దేశాధ్యక్షుడికీ ఇరవై ఏళ్ల స్నేహం. ఎన్నికలొస్తే అలబామాలో ఊరూరా తిరిగి ఓట్లు కూడగట్టింది ఈయనే. అధ్యక్షుడు రాసిన ఉత్తరాలన్నీ దేవదారు పెట్టెలో ఉన్నాయి. "మా నాన్న తనకంటూ ఒక్కటీ అడగలేదు" అని పరామర్శకు వచ్చినవాళ్లందరికీ కోరా చెబుతూనే ఉంది.

మధ్యలో రెండుసార్లు వాషింగ్టన్‌లోని ఏదో కార్యాలయం నుంచి శ్రీమతి పెట్‌వే అనే ఆవిడకు కవర్లొచ్చాయి. కోరాకు తెలిసిన ఇళ్లలో ఆ పేరున్న ఇల్లాలు లేదు. కవరు మీదే ఒక ముక్క రాసి తిప్పి పంపేసింది.

ఇవాళ్టి కవరు మాత్రం కోరా పేరునే వచ్చింది. లావుగా ఉంది. లోపల అధ్యక్షుడి సంతకం.

"నాన్న గురించి ఏం రాశారో విను" అంటూ వంటింటి గుమ్మంలోనే నిలబడి గట్టిగా చదివింది.

"మీ నాన్నగారు ఇన్నేళ్లలో నన్ను కోరింది ఒక్కటే. ఒక తల్లికి కొడుకు ఆచూకీ. అతను దొరికాడు. కాలిఫోర్నియాలో ఆస్పత్రిలో ఉన్నాడు, అమ్మను చూడాలంటున్నాడు. వెంటనే బయలుదేరమని, రైలు టిక్కెట్టు జతచేసి, మీ చిరునామాకే ఆమెకు రెండుసార్లు రాయించాను. రెండూ తిరిగొచ్చాయి. వాటినీ ఇందులో పెడుతున్నాను."

కోరా చదువు నెమ్మదించింది. అయినా నోరు ఆగలేదు.

"లూషియస్ పెట్‌వే పోయిన మంగళవారం కన్నుమూశాడు."

గిన్నెలో గింజలు పడే చప్పుడు ఆగిపోయింది.

కోరా అంది: "నాకు నాలుగేళ్లప్పుడు వచ్చావు ఈ ఇంటికి. నీ ఇంటిపేరు ఎప్పుడూ చెప్పలేదేం?"

"దొరగారు అడిగారమ్మా. చెప్పాను."

ఒడెస్సా చెయ్యి చాచింది. కోరా కవర్లు ఇచ్చింది.

'ఆ పేరు గలవారు ఇక్కడ లేరు.'

గుండ్రటి అక్షరాలు. రోజూ పొద్దున్నే సరుకుల చీటీ మీద ఒడెస్సా చూసే అక్షరాలే.

శ్రీమతి పెట్‌వే గారు ఒళ్లోని తొక్కలు బుట్టలోకి దులిపి, రెండు కవర్లూ గుండెకు అదుముకుని, ఆ ఇంట్లోంచి వెళ్లిపోయారు.