డిక్కీలో ఆరు సీడీలు

తెల్లవారితే ప్రయాణం. అత్తగారిని మరదలి ఇంట్లో దింపి రావాలి. ఒక పూట పట్టే దారి. అంతసేపూ ఆవిడ కబుర్లు వింటూ నడిపితే ఏ చెట్టుకో గుద్దేస్తానని అల్లుడి భయం.

కారులో స్టీరియో ఉంది కానీ అందులో ఒక్క సీడీయే పడుతుంది. అది అయిపోయి ఇంకోటి పెట్టేలోగా చాలు, ఆవిడ అందుకుంటుంది. అందుకే డిక్కీలో బిగించే ఛేంజర్ కొన్నాడు. ఆరు సీడీలు పెట్టేస్తే ఒకదాని వెనక ఒకటి అదే మార్చుకుంటుంది. ఎందుకు కొంటున్నదీ షాపతనికి వివరంగా చెప్పాడు. పోయిన ప్రయాణంలో ఆవిడ మాటమాటకీ "ఏంటి బాబూ?" అంటుంటే, చెప్పిందే చెప్పీ చెప్పీ తన గొంతు బొంగురుపోయిన సంగతి మొదలుకొని చెప్పాడు. షాపతను మధ్యలో షట్టర్ సగం దించాడు కూడా.

బిగించడం తనే మొదలుపెట్టాడు. విచిత్రం, టార్చి పట్టుకోవడానికి అత్తగారే వచ్చింది. వెనక సీటు పీకి, కార్పెట్ కింద నుంచి వైరు ముందుకి లాగుతూ, ఏ వైరు దేనికో, చిన్నప్పుడు తను రేడియో ఎలా బాగుచేశాడో, బాగుచేశాక అది ఎందుకు పలకలేదో ఆవిడకి ఓపిగ్గా విడమరిచాడు. ఆవిడ టార్చి కదలనివ్వలేదు. నట్టు జారితే మోకాళ్ళ మీద వంగి వెతికిచ్చింది. పైగా ఆరు సీడీలూ తనే తెచ్చింది.

"మధ్యలో ఎక్కడా ఆగదు కదా బాబూ?" అని మాత్రం అడిగింది.

"ఊరు చేరేదాకా ఆగదు అత్తయ్యగారూ."

"గతుకుల్లో?"

"రబ్బరు వాషర్లు వేశాగా. గతుకుల్లోనూ ఆగదు."

ఆవిడ ముఖం విప్పారింది. పాపం పిచ్చి తల్లి, తన నోటికి తాళం తనే దగ్గరుండి వేయించుకుంటోందని భార్యతో గుసగుసగా అన్నాడు అల్లుడు. భార్య కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తన హాస్యానికి ఆమె అంతగా నవ్వి చాలా రోజులైంది.

పొద్దున్నే బయల్దేరారు. తల్లీకూతుళ్ళు వెనక సీట్లో సర్దుకున్నారు. వీధి మలుపు తిరిగేలోగా రోడ్డు గురించి, టైర్లలో గాలి గురించి, నిన్న రాత్రి తనకి పట్టని నిద్ర గురించి రెండు ముక్కలు చెప్పి, అల్లుడు మీట నొక్కాడు.

డిక్కీలో ఏదో కిర్రుమంది. ఒక్క క్షణం అందరికీ ఊపిరాగింది. అంతలో కారు నిండా పాట.

తను బిగించిందే, ఎంత కమ్మగా పలుకుతోందో. అల్లుడు మాట మరిచి వింటూ ఉండిపోయాడు. ఒక పాటయింది, ఇంకోటి అందుకుంది. వెనక నుంచి చడీచప్పుడూ లేదు. మొత్తానికి తన ఎత్తు పారిందని మీసం దువ్వుకుని, అద్దంలోకి చూశాడు.

అత్తగారూ, భార్యా తలలు పక్కకి వంచి, చెవుల్లో కుక్కుకున్న దూది ఉండలు తీసి కిటికీలోంచి పారేస్తున్నారు.